అక్క అడిగితే చెప్పిన సంగతులు

మధ్యాహ్నం డ్యూటీ వాళ్లకు పేషెంట్లను అప్పజెప్పి చేతులు కడుక్కుంటుంటే ఆయమ్మ వచ్చి, "మేడం నిన్ను జర రమ్మంటాంది" అంది. మేడం అంటే మా నర్సింగ్ సూపరింటెండెంట్. హన్మకొండలో నేను పనిచేసే ఆ ప్రైవేటు దవాఖానలో నలభైమంది దాకా నర్సులం ఉండేవాళ్లం. అందరికీ ఆమె మేడం. నాకు మాత్రం అక్క.

అలా పిలవమని ఆమె చెప్పలేదు, నేనూ అనుకుని పిలవలేదు. ఐసీయూలో చేరిన కొత్తలో ఒక పేషెంటు నా డ్యూటీలో, నా కళ్లముందే పోయాడు. స్టోర్ రూంలో సెలైన్ పెట్టెల మధ్య కూర్చుని ఏడుస్తుంటే ఆమె వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. కాసేపయ్యాక, "లే ఇగ, నాలుగో బెడ్డుకు మందు టైమైంది" అంది. "వస్తానక్కా" అన్నాను. అప్పటి నుంచి అంతే. నేను కడుపుతో ఉన్నప్పుడు అడగకముందే నైట్ డ్యూటీలు తీసేసింది. మా అమ్మ పక్షవాతంతో అదే దవాఖానలో పన్నెండు రోజులుండి పోయింది. ఆ పన్నెండు రోజులూ అక్క ఇంటికి వెళ్లే ముందు అమ్మ బెడ్డు దగ్గరికి వచ్చి, పక్కకు తిప్పించి, వీపు చూసి గానీ వెళ్లేది కాదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగింది విని ఆమె మొదటి నుంచీ అలాంటి మనిషేనని ఎవరూ అనుకోకూడదు. అలా అనుకోగలిగితే నాకూ సులువుగా ఉండేది.

ఆ రోజు గదిలోకి వెళ్లగానే తలుపు వేసి రమ్మంది.

"నేను మానేస్తాన," అంది. "మోకాళ్లు అస్సలు సహకరిస్తలేవు. మూడు అంతస్తులు ఎక్కుడు దిగుడు ఇగ నాతోని కాదు. కొన్ని దినాలు ఇంటిపట్టున ఉంట. నా జాగల నిన్ను పెట్టుమని సార్‌కు చెప్పిన."

"నన్నెందుకక్కా? పేషెంట్లను చూసుడు తప్ప నాకేమొస్తది?"

"నాకు మాత్రం అప్పుడేమొస్తుండె? చేసుకుంట నేర్చుకున్న. నువ్వూ నేర్చుకుంటవ్. నేనేమన్న దేశం ఇడిచి పోతాన్నా? ఫోన్ల ఉంట గదా. ఫికర్ చేయకు."

ఎనుమాముల పోయే దారిలో మా ఆయనకు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. సాయంత్రం ఆయనకు చెబితే, కాలిన మోటారు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "మంచిదే గదా. ఇగ నీకు నైట్లు ఉండయి. పిల్లకు అమ్మ దొరుకుతది" అన్నాడు. మా పాప అప్పుడు ఆరో తరగతి. అదైతే వాళ్ల స్నేహితులందరికీ ఫోన్లు చేసి మా అమ్మ పెద్ద మేడం అయిందని చెప్పుకుంది. ఆ దవాఖానలో పదమూడేళ్లు చేశాక నన్ను ఎవరో ఎంచుకున్నారు. ఆ సంతోషం నాకు లేదని అంటే అబద్ధం.

జూన్ చివర్లో ఆ గదిలో కూర్చున్నాను. మొదటి వారంలోనే తెలిసిపోయింది, ఇది నేను చేసిన ఉద్యోగానికి పైమెట్టు కాదు, వేరే ఉద్యోగమేనని. ఐసీయూలో నాకు ఇద్దరో ముగ్గురో పేషెంట్లు. వాళ్ల బీపీ ఎంత, యూరిన్ ఎంత వచ్చింది, ఎవరికి ఎప్పుడు ఏ మందు, అన్నీ నోటికి ఉండేవి. డ్యూటీ దిగేటప్పటికి ఏం చేశానో చెప్పుకోవడానికి ఒక మనిషి కనిపించేవాడు, పొద్దున్నకంటే కాస్త తేటగా. ఇప్పుడు నా ముందు ఒక కంప్యూటరు, ఒక డ్యూటీ చార్టు, ఎడతెగని మనుషులు. ఎవరికి లీవు, ఎవరికి నైటు, ఏ వార్డులో దుప్పట్లు తక్కువ, ఏ పేషెంటు బావమరిది ఏ నర్సు మీద అరిచాడు, తనిఖీకి వచ్చేవాళ్లకు ఏ రిజిస్టర్లు చూపాలి. సాయంత్రానికి ఒళ్లు పులిసిపోయేది గానీ ఏం చేశావంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

చేతులు ఊరుకోక ఒకరోజు ఐసీయూలోకి వెళ్లి, ఆగిపోయిన డ్రిప్పు సరిచేశాను. ఆ బెడ్డు చూస్తున్న అమ్మాయి నా వెనకే వచ్చి నిలబడి, "నేను చూస్తాన గదా మేడం" అంది. ఆ అమ్మాయిది స్టేషన్ ఘన్‌పూర్. రోజూ రైల్లో వచ్చిపోయేది. ఐదేళ్లు నా పక్క బెడ్లు చూసింది, నా టిఫిన్ డబ్బాలో పచ్చడి తినేది. నెల కిందటి వరకు నన్ను అక్కా అనేది. మేడం అని ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించనే లేదు. మధ్యాహ్నం భోజనాల గదికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. నాలుగు రోజులు చూసి, నా డబ్బా నా గదిలోనే విప్పుకోవడం మొదలుపెట్టాను.

మొదటి డ్యూటీ చార్టు వేయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అయినా ఒకామెకు నైట్ దిగిన పొద్దున్నే మళ్లీ డ్యూటీ వేశాను. ఆమె ఏడ్చుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రం నేను కూరగాయలు తరుగుతుంటే అక్క ఫోన్ చేసింది. చెప్పినట్టే చేసింది, రోజూ చేసింది. ఆ ఫోను కోసం నేను ఎదురుచూసేదాన్ని.

"చార్టు గీతలు గీసుడు కాదే," అంది. "ముందుగాల మనుషులను చూసుకోవాలె. ఎవలు గట్టిగ పనిచేస్తరు, ఎవల ఇంటికాడ ఏం తిప్పలున్నయి, ఎవలకు ఏం అవుసరం. అన్నీ ఒక్కకాడ రాసుకో. రాసి నాకు వాట్సాప్‌ల పెట్టు, ఎవలను ఎట్ల వెయ్యాల్నో నేను చెప్త."

రెండు సాయంత్రాలు కూర్చుని రాశాను. రూళ్ల పుస్తకంలో నాలుగు పేజీలు. ఆపరేషన్ థియేటర్ చూసే ఆమెకు కొడుకును బడి నుంచి తెచ్చుకోవడానికి మనిషి లేడు, పగటి డ్యూటీ ఇస్తే ప్రాణం పెట్టి చేస్తుంది. డయాలసిస్‌లో చేసే ఆమెకు అత్తతో పడదు, ఇంట్లోంచి బయటపడాలని చూస్తోంది. ఘన్‌పూర్ పిల్ల ఐసీయూ మొత్తంలో అందరికంటే చురుకు, పొద్దుటి రైలు ఆలస్యమైతే భయపడి చస్తుంది, ఊళ్లో ఎక్కడైనా ఉండే జాగా దొరికితే ఎంత పనైనా చేస్తుంది. ఇలా ఒక్కొక్కరి గురించి. వాళ్లు నన్ను స్నేహితురాలనుకుని చెప్పుకున్నవి, నేను డ్యూటీల కోసం రాశాను. ఫోటోలు తీసి అక్కకు పంపాను.

అక్క చార్టు సరిచేసి పంపింది. అది ఎంత బాగా కుదిరిందంటే, ఆ నెల ఒక్కరు కూడా గొణగలేదు. డాక్టరు సార్, అంటే ఆ దవాఖాన యజమాని, రౌండ్స్‌లో నన్ను చూసి, "బాగానే పట్టుకున్నారే" అన్నారు. ఇంటికి వచ్చి అక్కకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె గట్టిగా నవ్వి, "నేను చెప్పలే?" అంది.

వినాయక చవితి దాటాక మొదటి రాజీనామా వచ్చింది. థియేటర్ ఆమెది. ఇంట్లో ఇబ్బందిగా ఉందని రాసింది. పగటి డ్యూటీ ఇచ్చాను కదా, ఇంకేం కావాలని అడిగితే తల వంచుకుని, "అది కాదు మేడం, వేరే" అంది. తర్వాత డయాలసిస్ ఆమె. తర్వాత ఒకే రోజు ఐసీయూ నుంచి ఇద్దరు. మూడు వారాల్లో ఎనిమిది మంది. అందరి కాగితాల్లోనూ అదే మాట, ఇంట్లో ఇబ్బంది. ఎనిమిది ఇళ్లలో ఒక్కసారే ఏం ఇబ్బంది వచ్చిందో నాకు అర్థం కాలేదు.

సార్ పిలిపించారు.

"ఏమ్మా, ఏం చేస్తున్నారు వాళ్లను? ఆ మేడం ఉన్నన్నాళ్లు ఒక్కరు కదలలేదు. మీరు వచ్చి మూడు నెలలు కాలేదు, ఎనిమిది మంది పోయారు."

"నేనేమనలేదు సార్."

"ఏమీ అనకపోతే ఎందుకు పోతారు? మాట తీరు మార్చుకోండి."

బయటికి వచ్చి బాత్‌రూంలో కుళాయి విప్పి ఏడ్చాను. ఎవరితో ఎప్పుడు ఏ మాట అన్నానో ఒక్కొక్కటే వెనక్కి తవ్వుకున్నాను. డ్రిప్పు ముట్టుకోవడం తప్పా? విడిగా కూర్చుని తినడం తప్పా? కుర్చీ ఎక్కాక నా ముఖం మారిందా? మా ఆయనను అడిగితే, "నువ్వు ఇంట్ల గూడ డ్యూటీలు వేస్తానవ్, అది మాత్రం నిజం" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

అక్కకు చెప్పాను. ఇప్పటికీ అన్నిటికంటే నాకు మింగుడుపడనిది ఇదే. పోయిన ఒక్కొక్కరి గురించీ నేను ఏడుస్తూ ఆమెకే చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"కొత్తగ కూసున్నోళ్లకు గట్లనే అయితది," అంది. "నీ తప్పేం లేదు బిడ్డా. పోయేటోళ్లను ఆపద్దు. ఆపితే ఇంక బిర్రుగ అయితరు, మొండికేస్తరు. పోనియ్యి."

ఆమె పోనియ్యి అన్నది కదా అని, తర్వాత వచ్చిన కాగితాల మీద మారుమాట లేకుండా సంతకం పెట్టాను.

బతుకమ్మ పండుగ దగ్గర పడింది. చివరి రోజు, సద్దుల నాడు అందరికీ లీవు కావాలి. ఉన్నవాళ్లతో మూడు షిఫ్టులు నడవడమే కష్టంగా ఉంది. ఒక్కొక్కరినీ పిలిచి లీవు లేదని చెప్తున్నాను. ఘన్‌పూర్ పిల్ల వచ్చి బల్ల ముందు నిలబడింది. దీనికైనా లీవు ఇవ్వాలని ముందే అనుకుని ఉన్నాను. ఆమె కాగితం పెట్టింది. అది లీవు కాగితం కాదు.

నాకు కోపం కూడా రాలేదు. "కూర్చో" అన్నాను. కూర్చుంది.

"ఒక్క మాట నిజం చెప్పు. నేను నిన్నేమన్న అన్ననా? నా మోటు మాట ఏదన్న నీకు తగిలిందా?"

"అయ్యో, నీతోని ఏం లేదక్కా," అంది. మేడం అనడం మరిచిపోయింది. "నువ్వు మంచిగనే చూసినవ్."

"మరి ఏడికి పోతానవ్?"

ఆమె నా ముఖం వైపు వింతగా చూసింది. "అక్క నీకు చెప్పలేదా?"

"ఏ అక్క?"

"పాత మేడం. హంటర్ రోడ్డుల కొత్త దవాఖాన పడతాంది గదా, దసరాకు మొదలైతదట. ఆడ నర్సులందరికి ఆమెనే పెద్ద. జూన్ల నుంచే ఆడ చేస్తాంది." నా ముఖంలో ఏం కనిపించిందో, మాట తగ్గించింది. "నువ్వు గూడ వస్తానవని చెప్పింది. చివరకు వస్తదని. మేమందరం గట్లనే అనుకున్నం. సార్ చెవిల పడద్దన్నదని దవాఖానల ఎవలం ఆ ముచ్చట ఎత్తలే."

ఆమె పెట్టిన కాగితం చూశాను, అందులోనూ ఇంట్లో ఇబ్బంది అనే ఉంది.

"నాకు రైలు తిప్పలున్నదని నువ్వే చెప్పినవట గదా. దవాఖాన వెనక హాస్టల్‌ల రూము ఇప్పిచ్చింది. థియేటర్ అక్కకు గూడ అంతే, ఆమె కొడుకు బడి పక్కనే గదా అని పగటి డ్యూటీ రాసిచ్చింది. నువ్వు మా కోసం ఇంత ఆలోచన చేసినవని..." అని ఆగింది. "నీకు థాంక్స్ చెప్పాలని వచ్చిన అక్కా."

కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆమెకు గది దొరికింది.

ఆ ఆదివారం ఉదయం బస్సెక్కి కాజీపేటలో అక్క ఇంటికి వెళ్లాను. మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నాను. తలుపు తీసి, "రా రా, తిన్నవా?" అంది. అదే గొంతు. లోపల నాలుగు పీటలేసి బతుకమ్మకు గునుగు పువ్వు ఆరబెట్టి ఉంది. తలుపు తీసేముందు ఆమె మేడ మెట్లు గబగబా దిగి వచ్చిన చప్పుడు విన్నాను. మోకాళ్లకు ఏమీ కాలేదు.

"ఎందుకు చేసినవక్కా?" అన్నాను. ఎన్నో మాటలు అనుకుని వెళ్లాను గానీ నోట్లోంచి వచ్చింది అదొక్కటే.

ఆమె బుకాయించలేదు. అందుకు సిద్ధపడి వెళ్లిన నాకు అది ఇంకా కష్టమైంది.

"ఇరవై ఏండ్లు చేసిన ఆ దవాఖానల," అంది. "ఒక్కనాడు సార్ నన్ను కూసోమనలే. పండుగల పూట గూడ పోయిన. ఇప్పుడు ఒకళ్లు పిలిచి, మొత్తం నువ్వే నడుపుమన్నరు. మంచి పిల్లలను తెచ్చుకోకుంటే ఎట్ల నడుస్తది? పోయినోళ్లకు ఎవలకన్న నష్టమైందా? చెప్పు. ఒక్కదానికన్న అన్యాలమైందా?"

"నాకైంది."

ఆమె పువ్వుల పీట దగ్గరికి లాక్కుంది.

నేను అడగకూడదనుకున్నది అడిగేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. "మరి నన్నెందుకు తీస్కపోలే? అందరికంటె ముందుగాల నన్నే పిలుస్తవనుకుంటుంటి."

అక్క గునుగు పువ్వు ఒకటి తీసి, ఆకులు దూసి, పక్కన పెట్టింది. "నిన్ను గూడ తీస్కపోతే సార్‌కు ఆ దినమే తెలిసిపోతుండె. ఎవలో ఒకలు ఆడ ఉండాలె గదా. నువ్వు నమ్మకంగల్లదానివి. నువ్వా కుర్చీల కూసుంటే ఎవలకూ అనుమానం రాదు."

మెచ్చుకుంటున్నట్టే చెప్పింది. ఆమెకు అది నిజంగానే మెచ్చుకోలు. పాప ఫోన్లు చేసి మరీ చెప్పుకుందే, నన్ను ఎంచుకున్నది ఇందుకన్నమాట. నేను బాగా చేస్తానని కాదు. నేను కనిపెట్టలేనని.

లేచాను. "టీ తాగి పో" అంది. తాగలేదు. బస్టాపు దాకా నడుస్తూ, ఆమెను తిట్టలేకపోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆమె ముందు కూర్చుంటే నేను ఇప్పటికీ స్టోర్ రూంలో ఏడ్చిన పిల్లనే.

మరుసటి రోజు సార్‌కు అన్నీ చెప్పాను, నేను పంపిన నాలుగు పేజీలతో సహా. ఉద్యోగం పోతుందనుకునే చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అది మీ ఇద్దరి మధ్య విషయం," అన్నారు. "నాకు వార్డులు నడవాలి. కొత్తవాళ్లు వచ్చేదాకా పొద్దున ఐసీయూ డ్యూటీ మీరే చేయండి. మధ్యాహ్నం నుంచి ఆఫీసు చూసుకోండి." నన్ను మాట తీరు మార్చుకోమన్న సంగతి ఆయనకు గుర్తే లేదు. తప్పు నాది కాదని ఒక్క మాట అంటారేమోనని ఇంకో నిమిషం నిలబడ్డాను. ఆయన ఫోన్ ఎత్తారు.

ఆ చలికాలమంతా రెండు ఉద్యోగాలు చేశాను. పొద్దున బెడ్ల దగ్గర, రెండు దాటాక చార్టు దగ్గర. విచిత్రంగా, అప్పుడే ఆ కుర్చీలో పని నాకు పట్టుబడింది. పొద్దున్న వార్డులో ఎక్కడ దుప్పటి తక్కువో కళ్లారా చూసేదాన్ని కాబట్టి మధ్యాహ్నం స్టోర్‌కు కావలసినవాటి ఇండెంటు రాయడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరికి ఏ డ్యూటీ బరువో నా నడుముకే తెలిసేది. నర్సంపేట వైపు నుంచి, ఇంకా ఇటూ అటూ నుంచి అప్పుడే చదువు ముగించిన పిల్లలు వచ్చారు. సూది పట్టాలంటే బెదిరే పిల్లలు. ఒక్కొక్కరినీ పక్కన నిలబెట్టుకుని నేర్పాను. ఉగాది నాటికి ఐసీయూ నేను లేకుండా నడిచింది. చార్టు నేనే వేస్తున్నాను, అరగంటలో. ఎవరి సలహా అక్కర్లేదు.

అక్కతో మాటలు లేవు. నర్సుల దినోత్సవం నాడు వాట్సాప్‌లో దీపం పట్టుకున్న నర్సు బొమ్మ ఒకటి పంపింది, అందరికీ పంపినట్టే. చూశాను, అంతే. ఆ దవాఖాన బాగా నడుస్తోందని, ఘన్‌పూర్ పిల్ల అక్కడ ఐసీయూ ఇన్‌చార్జి అయిందని విన్నాను. సంతోషించాను కూడా. నా రాతలన్నీ నిజమేనని తేలింది.

నా గదిలో ఇప్పుడు నేను ఎవరి ఇంటి సంగతులూ రాయను. మొన్న ఒక కొత్త అమ్మాయి లీవు కోసం వచ్చింది. చేరి ఆరు నెలలు కూడా కాలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మేడం, మా ఇంట్ల..." అని మొదలుపెట్టింది. నాకు తెలియకుండానే చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు బిడ్డా, చెప్పకు. ఎన్ని దినాలు కావాల్నో కాగితం మీద రాయి, చాలు."

ఆమె రాసింది. మూడు రోజులు. నాలుగు ఇచ్చాను. తలుపు దాకా వెళ్లి, ఇంకేదో అడుగుతానేమోనని ఒకసారి వెనక్కి చూసింది. నేను చార్టు దగ్గరకు జరుపుకుని ఆమె స్థానంలో ఎవరిని వేయాలా అని వెతకడం మొదలుపెట్టాను.